ఏం మారిందో చూసినవా?

మా గైడు సారు గుండెపోటుతో పోయారని మంగళవారం పొద్దున ల్యాబ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి, నా సిమ్యులేషన్ ఇంకా నిలబడలేదు, ఈయన వెళ్ళిపోయారు.

నాది పన్నెండు పోర్టుల కనెక్టర్. ఒక్కో పోర్టులోకి సిగ్నల్ పంపితే ఎంత వెనక్కి వస్తుంది, మిగతా పోర్టుల్లోకి ఎంత పోతుంది అని రకరకాల ఫ్రీక్వెన్సీల దగ్గర కొలిచిన అంకెలే ఎస్-పారామీటర్లు. వాటితో మోడల్ కట్టి, సర్క్యూట్‌లో పెట్టి, కాలంతో పాటు వోల్టేజీ ఎలా మారుతుందో కంప్యూటర్‌లో చూడాలి. నా మోడల్‌లో, పంపిన పల్స్ అయిపోయాక కూడా వోల్టేజీ పెరుగుతూనే ఉండేది.

"అది బ్యాటరీ గాదు బిడ్డా, ఇచ్చినదానికన్న ఎక్కువ ఎట్లిస్తది? నీ కొలతల్ల ఎక్కడనో తప్పున్నది" అనేవారు సారు.

మా కరీంనగర్ ల్యాబ్‌లో కొలిచే యంత్రానికి రెండే పోర్టులు. రెండు రెండు చొప్పున కొలుస్తూ, మిగతా పదింటికీ సిగ్నల్‌ను వెనక్కి రాకుండా మింగేసే చిన్న మూతలు, లోడ్లు బిగించాలి. ఒక లోడు వదులుగా కనబడితే చాలు, ఆ రోజు కొలతలన్నీ తీసేయించేవారు. నేను విసుక్కుంటే కిటికీ దగ్గర నిలబడి జొన్నరొట్టె తింటూ, ఏమీ విననట్టే ఉండేవారు. సారుది ఆదిలాబాద్, ఎప్పుడైనా పని కుదిరితే "బరోబర్" అనేవారు. నాకు ఆ మాట దక్కిన రోజులు తక్కువ.

మా బాపు నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. ఒకసారి సారుకు ఫోన్ చేసి, మా పిల్ల చదువు ఒడుస్తదా, సగంల ఆగుతదా అని బాపు భయపడుతూ అడిగాడు. "ఒడుస్తది. గా కనెక్టరే జర సతాయిస్తున్నది, మీ పిల్ల గాదు" అన్నారు సారు. బాపు ఆ మాట మా వాడకట్టంతా చెప్పుకున్నాడు.

మోడల్ తనంతట తాను శక్తి పుట్టించకుండా సరిచేసే బటన్ ఒకటి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సారు దాన్ని వద్దనలేదు. నొక్కిన ప్రతిసారీ "ఏం మారిందో చూసినవా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు భయపడి నొక్కడమే మానేశాను.

కొత్త గైడు మంచివారే. సారు పట్టుదల సారుతోనే పోయిందనీ, బటన్ నొక్కి థీసిస్ ఇచ్చేయమనీ చెప్పారు. నొక్కాను. గీత చక్కగా కిందికి దిగి సద్దుమణిగింది. ఇంత సులువైన దానికి ఇన్నాళ్ళు తిప్పలు పెట్టారని సారు మీద మళ్ళీ మండింది. ఆ మంటతోనే, ఏం మారిందో చూశాను. అన్ని జతల్లోనూ వెంట్రుకంత మార్పు. నాలుగో పోర్టుకూ తొమ్మిదో పోర్టుకూ మధ్య మాత్రం కొలత మొత్తం పక్కకు జరిగిపోయింది. అంటే నేను థీసిస్‌లో రాయబోయేది కనెక్టర్ చెప్పింది కాదు, బటన్ చెప్పింది.

మళ్ళీ కొలుస్తానన్నాను. గడువు దాటితే ఇంకో ఆరు నెలలని కొత్త గైడు హెచ్చరించారు. బాపుకు చెప్తే, "తప్పున్నదని నీకెర్కనే గదా. ఎట్ల ఇస్తవు మరి?" అన్నాడు.

ఈ రోజు ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. నాలుగుకూ తొమ్మిదికీ కేబుళ్ళు బిగించాను. అవి ఇంకా కొద్దిగా ఊగుతున్నాయి, ఊగుతుండగా కొలిస్తే అంకె తప్పుతుంది. ఆగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.