లెక్కలో ఒకడు ఎక్కువ

1959 జూన్‌లో పామిడికి ఆరు మైళ్ళ దూరాన, పెన్న పక్క మెట్టమీద ఉన్న ఒక బోర్డింగు స్కూలులో నేను లైబ్రేరియన్‌గా చేరాను. బడి పేరు ఇక్కడ అవసరం లేదు. పెద్ద వర్తకుల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు, భూములున్న వాళ్ళ పిల్లలు చదివేవారు. అందరూ మగపిల్లలే, సుమారు రెండు వందల మంది. మా నాయన పామిడిలో దూది ఏకేవాడు. నేను ఎనిమిదితో బడి మాని, ఊళ్ళో లైబ్రరీ గది ఊడ్చే పనికి కుదిరాను. ఊడ్చిన గదిలోనే కూర్చుని చదివాను. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, ఆపైన లైబ్రరీ సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాను. ఆ బీరువాల తాళాలు నా చేతికి వచ్చిన రోజు నాకున్న గర్వం ఇప్పటికీ గుర్తుంది. ఈ కథలో దానికీ ఒక పాత్ర ఉంది.

అప్పటి పద్ధతి చెబుతాను. ప్రతి విద్యార్థికీ రెండు టికెట్లు ఉండేవి. టికెట్ అంటే చిన్న అట్ట సంచి, దానిమీద పేరు, నంబరు. పుస్తకం తీసుకున్నప్పుడు పుస్తకంలోని కార్డును ఆ సంచిలో పెట్టి మా ట్రేలో ఉంచుకుంటాము. పుస్తకం తిరిగి వస్తే టికెట్ తిరిగి ఇస్తాము. బడి విడిచి పోయేవాడు నో డ్యూస్ చీటీ పట్టుకుని స్వయంగా రావాలి. టికెట్లు అప్పగించి సంతకం చేయాలి. అప్పుడు టికెట్ మూల కత్తిరించి, సభ్యుల రిజిస్టరులో పేరు మీద ఎర్రగీత కొట్టి, "రద్దు" అని రాసి, చీటీలో నా గడి ఎదుట సంతకం పెడతాను. మెస్సు, లాబొరేటరీ, ఆటల విభాగాలకు కూడా అదే చీటీలో తలా ఒక గడి.

చదువుకునే గది వేరు. దాని గుమ్మం దగ్గర ఇంకో రిజిస్టరు. లోపలికి వచ్చేవాడు వరుస నంబరు వేసి పేరు, టికెట్ నంబరు రాయాలి, పోయేటప్పుడు ఎదుట టిక్కు పెట్టాలి. నేను కౌంటరు దగ్గరే ఉండేవాణ్ణి కాబట్టి ఆ గది నాకు కనబడదు. సాయంత్రం నాలుగున్నరకు అటెండర్ ఫకీరప్ప లోపల తిరిగి తలలు లెక్కపెట్టి వచ్చి చెప్పేవాడు. నేను ఆ అంకెను రిజిస్టరులో టిక్కు లేని పేర్లతో సరిచూసి దినచర్య పుస్తకంలో వేసేవాణ్ణి. ఫకీరప్పకు చదువు రాదు. అంకెలు మాత్రం వేళ్ళ కణుపుల మీద తప్పు లేకుండా చెప్పేవాడు.

నా నాలుగో ఏడు మార్చి నెలలో లెక్క తప్పడం మొదలైంది.

"ఇరవై రెండు సార్" అన్నాడు ఫకీరప్ప. రిజిస్టరులో ఇరవై ఒకటి. మరునాడు ఆయన పద్దెనిమిది అన్నాడు, రిజిస్టరులో పదిహేడు. మూడో రోజూ అంతే.

"ఏం ఫకీరన్నా, కండ్లు మసకలా?" అన్నాను.

"నా కండ్లకేమైంది సార్? ఒగడు ఎక్కువ ఉండాడు. మీ బుక్కుల్లో ఉండేవాడు ఎవుడన్నా బయటికొచ్చి కూచున్నాడేమో, అడగండి" అన్నాడు.

నవ్వుకున్నాను. రాత ముందు వేలికణుపుల లెక్క నిలవదని నా నమ్మకం. దినచర్యలో రిజిస్టరు అంకెనే వేస్తూ పోయాను. తొమ్మిది పనిదినాలు అలాగే, ప్రతిరోజూ సరిగ్గా ఒకడే ఎక్కువ. ఆ పేజీలలో ఒక విషయం నా కంట పడకపోలేదు. రోజుకొక పేరు దగ్గర సిరా అటూ ఇటూ పాకి ఉండేది. గుమ్మం దగ్గరి కలం పాళీ చెడిందనుకుని కొత్త పాళీ వేయించాను. మరునాడు కూడా పాకింది.

ఆ ఏడు వరుసగా రెండోసారి వానలు లేవు. బావిలో నీళ్ళు అడుగంటాయి. పెన్న ఇసుకలో చెలమలు తోడి బండి మీద పీపాలతో తెచ్చేవారు. ఆ నీళ్ళు పోసి ఉంచే తొట్టిగదికి తాళం వేసి, తలకొక బకెట్ ఇచ్చేవారు. మధ్యాహ్నం వడగాలి తిరిగితే, అంతమంది పిల్లలున్న ఆ బడిలో కిటికీ తలుపులు కొట్టుకునే చప్పుడు తప్ప ఏదీ వినబడేది కాదు.

తొమ్మిదో రోజు తరువాత వచ్చిన సోమవారం పొద్దున నరేంద్ర వచ్చాడు. పదకొండో తరగతి, హాస్టలు కెప్టెన్. మిద్దె మీది గదుల్లో ఉండే ఏడెనిమిది మందిని అందరూ మిద్దెవాళ్ళు అనేవారు. వాళ్ళకు పెద్ద ఇతనే. ఏ పుస్తకం మంచిదని నన్ను అడిగేవాడు, నేను చెప్పింది చదివి వచ్చి చర్చించేవాడు. చాలామంది అయ్యవార్లు కూడా నాకు ఆ మర్యాద ఇవ్వలేదు.

నో డ్యూస్ చీటీ, రెండు టికెట్లు బల్లమీద పెట్టాడు. వాటి మీద పేరు తిప్పేస్వామి, పదో తరగతి, నంబరు డెబ్భై మూడు.

"వాళ్ళ నాయన నిన్న వచ్చి పిల్చుకోనిపోయినాడు సార్. వాళ్ళది కుందుర్పి. ఇంక రాడంట" అన్నాడు.

"తను రావాల గదా నరేంద్రా, సంతకానికి?"

"బస్సుకు టైమైపోయింది సార్. మీరు మొన్న చెప్పిన బుక్కు సగం అయింది. సాయంత్రం వచ్చి మాట్లాడతా" అన్నాడు నరేంద్ర.

మూలలు కత్తిరించాను. ఎర్రగీత కొట్టాను. చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాను. మిగిలిన మూడు గడులూ ఖాళీగా ఉన్నాయి. మొదట నా దగ్గరికే వచ్చాడని సంతోషపడ్డాను కూడా.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు ఒక కుర్రవాడు పుస్తకం తీసుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. తిప్పేస్వామి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చొక్కా కాలరు మట్టికొట్టుకుపోయి ఉంది. టికెట్లు పెట్టెలో కనబడలేదని, పుస్తకం మాత్రం ఇమ్మని అడిగాడు. ఏదో మరచి తిరిగి వచ్చాడనుకున్నాను.

"నువ్వు పోయినావంట గదప్పా. టికెట్లు రద్దయినాయి" అన్నాను. సభ్యుడు కానివాడు చదివే గదిలో కూడా కూర్చోరాదన్న నిబంధన ఉంది. అదీ చెప్పాను, మర్యాదగానే.

వాడు కౌంటరు మీదికి వంగి రిజిస్టరు చూశాడు. తన పేరు, దాని మీద ఇంకా మెరుస్తున్న ఎర్రగీత. చాలాసేపు చూశాడు.

"నేను ఈడ లేనా సార్?"

నేను తల ఎత్తలేదు. వేరే కార్డు రాసుకుంటున్నాను. "రిజిస్టరు ప్రకారం లేవు" అన్నాను.

"సరే సార్." పుస్తకాన్ని బల్ల అంచుకు సరిగ్గా సర్ది పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు ఫకీరప్ప వచ్చాడు. "ఈ పొద్దు సరిపోయింది సార్. పంతొమ్మిది."

రిజిస్టరు చూశాను. పంతొమ్మిది.

ఆ పది రోజుల్లో మొదటిసారి లెక్క కలిసినందుకు నాకు సంతోషం కలగాలి, కలగలేదు. రిజిస్టరు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి, సిరా పాకిన ఆఖరి పేజీని ఎండకు ఎత్తాను. ఆ పేరు ఉన్నచోట కాగితం పలచబడి వెలుతురు ఇవతలికి వచ్చింది. ఎవరో బ్లేడుతో ఒక పేరు గీకేశారు, ఆ వరుస నంబరు ఎదుటనే ఇంకొకడు తన పేరు రాశాడు. గీకిన కాగితం మీద సిరా పాకుతుంది. ముందు రోజు పేజీ ఎత్తాను. అంతకు ముందు రోజుదీ. తొమ్మిది పేజీల్లో తొమ్మిది చోట్ల వెలుతురు. ఒక్కదానిలో మాత్రం బ్లేడు సరిగా తగలలేదు. తిప్పేస్వామి టికెట్ నంబరు "73" నీడలా మిగిలింది.

"ఆ తిప్పేస్వామి యాడ?" అని ఫకీరప్పను అడిగాను.

"మీతో మాట్లాడి పోయినాడు గద సార్. దినామూ జిల్లా పటం మీద నూలుపోగు పెట్టి కొలుస్తాంటాడు" అన్నాడు ఆయన.

పటం బల్లమీదే ఉంది. నూలుపోగు కూడా ఉంది, ఒక కొస మా బడి మీద, ఇంకో కొస కుందుర్పి మీద. అరవై మైళ్ళ పైమాట.

ఆఫీసుకు పరుగెత్తి అడిగాను. ఆ పిల్లవాడి తండ్రి రానే లేదు. గుమాస్తాను హెడ్మాస్టరుగారికి చెప్పమని, ఫకీరప్ప నీళ్ళ సీసాను సైకిలుకు కట్టుకుని అనంతపురం రోడ్డు పట్టాను. ఎండ ఇంకా తగ్గలేదు. రోడ్డుకు రెండు వైపులా దున్నని చేలు, ఒక మనిషి లేడు, ఒక గొడ్డు లేదు. నాలుగు మైళ్ళు పోయాక ఎండిపోయిన వంక మీది మోరీ వంతెన గోడపైన కనబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

"తిప్పేస్వామీ!"

పలకలేదు. దగ్గరికి పోయి మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు తల తిప్పాడు, నా వైపు కాదు. తన వెనుక ఎవరున్నారా అని చూశాడు. అక్కడ ఉత్త వంక.

"ఎవురిని సార్?" అన్నాడు.

ఆ చూపు నేను మరచిపోలేదు. సీసా చేతికిచ్చాను. తాగి, నెమ్మదిగా చెప్పాడు. వాడూ మిద్దెవాళ్ళలో ఒకడే. తొట్టిగదికి వాళ్ళు దొంగ తాళంచెవి చేయించుకుని రోజూ రెండేసి బకెట్లు పోసుకునేవారు. చిన్నపిల్లలకు తాగడానికి లేక ఏడుస్తుంటే చూడలేక వీడు వార్డెనుకు చెప్పాడు. ఆ రోజు నుంచి వీడు లేడు. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. హాస్టలంతా ఒక కట్టుగా వాణ్ణి చూడడం మానేసింది. అడిగితే పలకరు. వాడు కూర్చున్న బెంచీ మీదికే వచ్చి కూర్చోబోతారు. పంక్తిలో వాడి ముందు ఆకు వేయరు. క్లాసులో అయ్యవార్లు పేరు పిలుస్తారు కాబట్టి వాడు ఇంకా ఉన్నానని అనుకుంటూ వచ్చాడు.

"మా గదికి దినామూ ఎందుకొచ్చేవాడివి?" అని అడిగాను.

"ఆడ ఎవురూ ఎవురితోనూ మాట్లాడరు గద సార్. ఆడ నేనూ అందరి మాదిరే ఉంటి" అన్నాడు.

నా గదిలో నిశ్శబ్దం నియమం. అందువల్లనే ఆ వెలి అక్కడ ఎవరికీ కనబడలేదు. వాడు లేడని చెప్పిన పెద్దవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

"రిజిస్టరులో తప్పు రాసినాను. నా చేతితోనే" అన్నాను. వాడు రాసింది రాసిందే అన్నట్టు చూశాడు. అప్పుడు ఫకీరప్ప సంగతి చెప్పాను. తొమ్మిది రోజులూ ఒకడు ఎక్కువున్నాడని ఆయన నాతో పోట్లాడాడని, నేను నమ్మలేదని చెప్పాను.

"నన్ను లెక్కబెట్టినాడా?" అన్నాడు.

"దినామూ."

మోరీ గోడ దిగి సైకిలు వెనుక ఎక్కాడు.

హెడ్మాస్టరుగారు విచారణ జరిపారు. నరేంద్ర నిబ్బరంగా నిలబడ్డాడు. "మేమేం చేసినాము సార్? చెయ్యి కూడా ఎత్తలేదే" అన్నాడు. బల్లమీద నో డ్యూస్ చీటీ ఉంది. దానిమీద ఒకటే సంతకం, నాది. మెస్సువాళ్ళు, ఆటలవాళ్ళు పిల్లవాణ్ణి తీసుకురమ్మని పంపేశారట. నరేంద్రను, మరో ఇద్దరిని ఆ వారమే ఇళ్ళకు పంపారు. నాకు మెమో వచ్చింది. నియమం తెలిసీ తప్పానని సంజాయిషీ రాసి ఇచ్చాను. కారణం ఆ కాగితంలో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నరేంద్ర నన్ను చదువుకున్నవాడిలా చూశాడు, నాకు అది చాలింది.

తిప్పేస్వామి పరీక్షలు రాశాడు. ఏప్రిల్‌లో నిజంగానే వాళ్ళ నాయన వచ్చాడు. ఈసారి చీటీ పట్టుకుని వాడే స్వయంగా వచ్చి, సంతకం చేసి పోయాడు. కుందుర్పి నుంచి ఉత్తరమేదీ రాలేదు. నేనూ రాయలేదు.

ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్ళు మూడు లైబ్రరీల్లో పని చేశాను. మనిషి ఎదుట లేకుండా ఎవరి పేరు మీదా ఎర్రగీత కొట్టలేదు. రిజిస్టరు, తలల లెక్క కలవనప్పుడు తప్పు రిజిస్టరులో వెతికాను. దాదాపు ప్రతిసారీ అక్కడే దొరికింది.