నెత్తురు కలవలేదు

ఆ విమానం ఎందుకు కూలిందో ఇప్పటికీ తేలలేదు. దర్యాప్తువాళ్ళ మొదటి నివేదిక వచ్చిందని టీవీలో చెబితే మా ఆయన చేత ఫోన్లో తీయించి చదివించుకున్నాను. ఇంజన్ అన్నారు, గాలి అన్నారు, రెక్క అన్నారు, ఆఖరికి కారణం ఇంకా పరిశీలనలో ఉంది అన్నారు. ఇన్ని నెలలు కొండను తవ్వి పట్టింది ఈ ఎలుకనేనా అని ఫోన్ మంచం మీదికి విసిరేశాను. మా ఆయన దాన్ని తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నాకు కోపమొస్తే ఆయన అంతే.

అందులో మా తమ్ముడు పోయాడు. మేం ఊరొదిలి బతకొచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, కిమ్‌లో మరమగ్గాల కార్ఖానాలో మెకానిక్. సేటు వేరే ఊళ్ళో కొత్త కార్ఖానా పెడుతూ, మగ్గాలు బిగించి రమ్మని వాణ్ని ఆ చిన్న విమానం ఎక్కించాడు. మా వంశంలో విమానమెక్కిన మొదటివాడు వాడే. ఆ సంబరానికి ముందురోజు ఇంటిల్లిపాదీ డుమస్ సముద్రపొడ్డుకు వెళ్ళి టమాటా భజియాలు తిన్నాం. తలమీదుగా ఒక విమానం దిగుతుంటే అవ్వ, అంటే మా అమ్మ, వాణ్ని అడిగింది: "గింత చిన్నగున్నదేందిరా? నీ కాళ్ళు పడ్తయా అండ్ల?"

"ముడుసుకొని కూసుంటనే. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

మర్నాడు మేం అన్నం తింటుండగా సేటు ఫోన్ చేశాడు. విమానం పొలాల్లో పడి కాలిపోయింది, ఒక్కరూ మిగల్లేదు అన్నాడు. ఎవరు ఎవరో పోల్చే వీల్లేదట. ఇంటివాళ్ళు వచ్చి నెత్తురిస్తే, అది ఎవరితో కలిస్తే ఆ శవం వాళ్ళకిస్తారట.

బాపు, మా నాన్న, ఎప్పుడో పోయాడు. వాడికి పెళ్ళి కాలేదు. అవ్వను నేనే తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో బల్ల దగ్గరి ఆఫీసరు మంచివాడే, నెమ్మదిగా హిందీలో అడిగాడు: "మాజీ, సగీ మా హో?" సొంత తల్లివేనా అని. అవ్వకు ఒళ్ళు మండింది.

"సగీ కాకుంటే ఏంది? నేనే సాదిన వాన్ని" అని నాతో అని, అతని వైపు తిరిగి "హా, సగీ" అని చేయి చాపింది. పక్కనే ఉన్న నాకు అందులో తప్పేమీ తోచలేదు, ఒట్టు. మా వైపు సాదడమంటే పెంచడం. కన్నవాళ్ళూ సాదుతారు, తెచ్చుకున్నవాళ్ళూ సాదుతారు. మాట ఒక్కటే.

ఒక్కొక్క ఇంటికీ వాళ్ళ మనిషి వెళ్ళిపోయాడు. మా ఇంటికి రాలేదు. చివరికి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మీ అమ్మ నెత్తురు ఎవరితోనూ కలవలేదు అన్నారు.

అవ్వ లేచి నిలబడింది. "నేను చెప్పలే? వాడు అండ్ల ఎక్కనే లేదు! ఎన్నడన్న టైముకు పోయిండా వాడు?" అని పొయ్యి వెలిగించి వాడికిష్టమని సర్వపిండి కాల్చింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళను "నా కొడుకు బతికుండంగ శోకాలేందే? పోయి ముఖాలు కడుక్కోండ్రి" అని గుమ్మంలోంచే తరిమింది. వాళ్ళు కూడా సంతోషంగానే వెళ్ళారు. ఎక్కడో ఆస్పత్రిలో మతి తప్పి ఉంటాడని ఒకరు, ఫోన్ పోగొట్టుకుని ఉంటాడని ఒకరు. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మను?

తర్వాత దర్యాప్తువాళ్ళు ఇద్దరు ఇంటికి వచ్చారు. మీవాడు విమానం ఎక్కడం కెమెరాలో ఉంది అన్నారు. అవ్వ వాళ్ళకు చాయ్ ఇస్తూ తనకొచ్చిన హిందీలోనే నిలదీసింది. నెత్తురు అబద్ధమాడుతుందా సాబ్, కలవలేదని మీరే కదా చెప్పారు అని. వాళ్ళు చాయ్ తాగి లేచారు. వెళ్ళేటప్పుడు అందులో పెద్దాయన నన్ను మెట్ల దగ్గర ఆపాడు. ఒక్క శవం మిగిలింది, లెక్క ప్రకారం మీవాడే అయి ఉండాలి, ఆమె కన్నతల్లేనా అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

వాణ్ని కన్నది మా చిన్నవ్వ, అవ్వ చెల్లెలు. నా తర్వాత అవ్వకు పిల్లలు దక్కలేదు. చిన్నవ్వ తన ఆఖరి పిల్లవాణ్ని పాలు మరిపించగానే తెచ్చి అక్క ఒళ్ళో వేసింది. ఈ మాట మళ్ళీ ఎవరూ ఎత్తవద్దని ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. ఎత్తలేదు. వాడికే తెలియదు. అప్పుడు చిన్నపిల్లనైన నేను మరిచిపోయాను. అవ్వ కూడా మరిచిపోయింది. నిజంగానే మరిచిపోయింది, అబద్ధమాడే మనిషి కాదు.

చెబితే అవ్వకు కొడుకు చస్తాడు, ఆమె తల్లి కాకుండా పోతుంది. చెప్పకపోతే వాడు నంబరు కట్టిన సంచిలో, ఐసులో, దిక్కులేనివాడిలా పడి ఉంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆల్థాన్‌లో మేముండే వీధివాళ్ళంతా నా నోటికి జడుస్తారు. ఆ నోరు అవ్వ ముందు ఎన్నిసార్లు తెరిచానో, అన్నిసార్లూ మూశాను. "ఏందే గట్ల సూస్తున్నవ్? జర తిను" అనేది. వాడి చొక్కాలు ఇస్త్రీకి పంపేది. ఆ చొక్కాలు చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చేది. ఏడవడానికి కూడా వీల్లేదు.

ఆఖరికి ఊరికి ఫోన్ చేశాను. చిన్నవ్వ చాలాసేపు ఏడ్చింది. "నెత్తురిస్త బిడ్డా. గని ఆ మాట నా నోట రాదు. అక్కకు ఒట్టేసిన" అంది.

రైలు దిగి వచ్చిన చెల్లెల్ని చూసి అవ్వ నవ్వింది. "గింత దూరం ఎందుకొచ్చినవే? వాడు మంచిగనే ఉన్నడు."

"దగ్గరి చుట్టాల నెత్తురు గూడ అడుగుతున్నరు అవ్వా. చిన్నవ్వ ఇస్తదట" అన్నాను, ఎటో చూస్తూ.

అవ్వ నన్ను చూసింది. చెల్లెల్ని చూసింది. చిన్నవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చి "నేను గూడ వస్త" అంది. ముగ్గురం ఆటో ఎక్కాం.

బల్ల దగ్గర ఆ ఆఫీసరే ఉన్నాడు. ఈమె అతనికి ఏమవుతుంది అని అడిగాడు. చిన్నవ్వకు హిందీ రాదు. నేను తెలుగులో అడిగాను.

"చిన్నవ్వను" అంది, నేల చూస్తూ.

మౌసీ అని చెప్పాను. మౌసీ నెత్తురు పనికిరాదమ్మా, కన్నతల్లిది కావాలి అన్నాడు. అది కూడా తెలుగులో చెప్పాను. చిన్నవ్వ ఒట్టు తప్పదు. నేనే చెప్పాలి. చెప్పలేకపోయాను.

అవ్వ ముందుకు జరిగింది. చెల్లెలి చేయి పట్టుకుని బల్ల మీద పెట్టింది. రవిక చేతిని తనే పైకి మడిచింది.

"సాబ్, సగీ మా యే హై" అంది. "మై నహీ."

తర్వాత చెల్లెలి తల నిమిరి తెలుగులో అంది: "ఇయ్యవే చెల్లే. వాన్ని ఇంటికి తీస్కపోదాం."