తిల్లి లేని మనిషి

దేవసూగూరు దగ్గర కరెంటు ప్లాంటు కడుతున్న రోజుల్లో కిష్టప్పకు ఇరవై రెండేళ్లు. రాయచూరు పట్నంలోనే పుట్టి పెరిగాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అన్న తిమ్మప్ప సాకాడు. అన్న మేస్త్రీగా ఉన్న గుంపులోనే వెల్డింగు పనిలో చేరాడు. ఒకనాడు పైన ఇనుప చట్రం మీద కాలు జారి, కింది దూలం మీద ఎడమ డొక్క తగిలేలా పడ్డాడు. ఆసుపత్రిలో కోత పెట్టారు. తెలివి వచ్చేసరికి అన్న పక్కనే ఉన్నాడు.

"ఏం గాలే తమ్మీ. పేగుకు గాయమైతే కుట్టిండ్రు, అంతే."

కిష్టప్ప నమ్మాడు. అన్న మాటను అనుమానించడం అతనికి చేతకాదు. నాలుగు నెలలకు మళ్లీ చట్రం ఎక్కాడు. పంపమ్మతో పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. కష్టమైన అతుకు పడితే ఇంజనీర్లు అతన్నే అడిగి పిలిపించుకునేవారు.

పన్నెండేళ్ల తర్వాత ఒక పొద్దున చలితో జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి పోదామంది పంపమ్మ. చూడవచ్చిన తిమ్మప్పే వద్దన్నాడు. "జ్వరానికి దవాఖాన ఎందుకు? గోలీ మింగి పండుకొమ్మను."

సాయంత్రానికి ఒంటి మీద నల్లటి మచ్చలు లేచాయి, మాట తడబడింది. పంపమ్మ ఎవరినీ అడగకుండా ఆటోలో వేసుకుని పోయింది. ప్రాణం దక్కింది. నల్లబడిన కుడిచేతి వేళ్లు మూడు తీసేయాల్సి వచ్చింది.

అతను లేచి తిరుగుతున్నప్పుడు, రక్తపరీక్షలు చేసే సుమంగళ మంచం దగ్గరికి వచ్చింది.

"మీ తిల్లి, అదే ఎడమ డొక్కల ఉండే ప్లీహం, ఎప్పుడు తీసిండ్రు?"

"తియ్యలేదమ్మా. పేగు కుట్టిండ్రు."

ఆమె అతన్ని తన గదికి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"ఇది మీ రక్తమే. ఎర్ర కణాల్ల కొన్నిట్ల నల్లచుక్క కనపడ్తుందా? కణం తయారైనప్పుడు మిగిలిన తునక అది. తిల్లిల సన్నసన్న సందులుంటయి. కణం వాటిల దూరి పోయేటప్పుడు ఆ తునక ఊడిపోతది. దాటలేని ముసలి కణాలు అక్కడనే ఆగిపోతయి. మీకు ఆ పని చేసేటిది లేదు."

ఇంకో గాజుపలక పెట్టింది. "ఇది వేరేవాళ్ల తిల్లి. ఎర్రటి దాని నడుమ ఊదా గుంపులున్నయి గద, సన్న రక్తనాళాల చుట్టూ కావలున్న కణాలు. రక్తంలకు క్రిమి వస్తే పసిగట్టేది ఇవే. తిల్లి లేనోళ్లు జ్వరమొస్తే గంట గూడ ఆగొద్దు."

కిష్టప్ప చాలాసేపు కన్ను తీయలేదు. చివరికి అడిగాడు: "ఈ మాట ఎవరు చెప్పాలె నాకు?"

"కోసిన డాక్టరు చెప్పే పంపుతడు. మీకు కాకపోతే మీ ఇంటోళ్లకు."

కట్టు విప్పకముందే అన్న ఇంటికి పోయాడు. తిమ్మప్ప అబద్ధమాడలేదు.

"చెప్పిండ్రు. తిల్లి లేనోనికి పిల్లనెవరిస్తరు? పైకి ఎవరెక్కనిస్తరు? నీ మంచికే దాస్తి."

"ఆ పొద్దు జ్వరమొచ్చినప్పుడు గూడ నా మంచికేనా అన్నా?"

తిమ్మప్ప తల వంచుకున్నాడు. "దవాఖానకు పోతే నీకు తెలిసిపోతదని భయమైంది."

బతకడం నేర్పిన నోరే తనను చావుకు వదిలేయబోయిందనుకుంటూ కిష్టప్ప లేచాడు. ఇంటికొచ్చి పంపమ్మనూ నిలదీశాడు.

"నీకు గూడ ఎరుకనా?"

ఆమె బిత్తరపోయింది. "ఎరుకుంటే పొద్దుగాలనే ఎత్తుకపోనా నిన్ను!"

ఆ మాట అడిగినందుకు అతను తర్వాత ఎన్నో ఏళ్లు సిగ్గుపడ్డాడు. అయినా అనుమానం మాత్రం మనసులో ఇల్లు కట్టుకుంది. డాక్టరు ఏం చెప్పినా ఇంకొకరిని అడిగి తెలుసుకునేవాడు. వెల్డింగు చేయలేని చేతికి ప్లాంటు స్టోరులో బోల్టులు లెక్కపెట్టి ఇచ్చే పని దొరికింది. తిమ్మప్ప పండుగ పండుగకూ గడప దాకా వచ్చేవాడు. పంపమ్మ పీట వేసి మంచినీళ్లిచ్చేది. కిష్టప్ప చెప్పులేసుకుని వెనక తలుపు నుంచి బయటికి పోయేవాడు.