ఒక పెండ్లికి రెండు సన్నాయిలా

“ఆ స్విచ్చి ముట్టుకోవద్దవ్వా, నీకు దండం పెడతా.”

“పాట లేదు, పలుకు లేదు. ఊరికే మిణుకుమిణుకుమనేదానికి కరెంటెందుకే?”

“లోపల పని జరుగుతా ఉంది.”

“నా కంటికి కనపడని పనేంది?”

ఆ రోజుల్లో మా మార్కాపురం ఇంట్లో స్విచ్చులన్నీ నా చేతికింద ఉండేవి. మనిషి గది దాటితే ఫ్యాను ఆగాల్సిందే, అన్నం మధ్యలో నీళ్లకు లేచినా సరే (వచ్చి మళ్లీ వేసుకోవచ్చు, వేలు అరిగిపోదు). ఆ సాయంత్రం మా మనవరాలితో గొడవ దాని కీబోర్డు దగ్గర వచ్చింది. మర్నాడు పొద్దున గిద్దలూరులో పెండ్లి. పాటల బృందంతో అది వాయించబోయే మొదటి పెండ్లి. బాగా చేస్తేనే పొదిలి పెండ్లికి పిలుస్తానని బృందం పెద్దాయన ముందే చెప్పాడు. పాత ప్రోగ్రాంతో కీబోర్డులోని సన్నాయి శబ్దం మధ్యలో గొంతు పట్టుకుపోయినట్టు ఆగిపోతోందట, అందుకని పెట్టెకు కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తోంది. ఎక్కేటప్పుడు కరెంటు తీస్తే పెట్టె మూగబోతుందట. లోపలున్న శబ్దాలన్నీ ఎలాగూ తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి వాటిని ముందే పెన్‌డ్రైవులో దాచింది, తర్వాత మళ్లీ నింపుకోవాలి.

“గాదె ఖాళీ చేసి, అలికి, మళ్లీ గింజలు పోసినట్టా?” అన్నాను. “అంతేనవ్వా” అంది. అట్ల చెబితే నేనెందుకు కాదంటాను? కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. పెట్టెకు కరెంటు తక్కువ కాకూడదని ఇంట్లో మిగతావన్నీ ఆర్పేశాను. పక్కింటావిడ తొంగిచూసి, “ఏంది వదినా, చీకట్లో కూసున్నావు?” అంటే, “మాట్లాడబాక, ఎక్కుతా ఉంది” అన్నాను. చివరికి తెర మీద గీత నిండింది. “ఇప్పుడు నువ్వే ఆర్పవ్వా” అంది మనవరాలు. జీవితమంతా ఆర్పిన చెయ్యి, ఆ ఒక్కదానికి మాత్రం లేవలేదు. కళ్లు మూసుకుని నొక్కాను. మళ్లీ వేస్తే పెట్టె బతికే ఉంది.

అసలు చిక్కు నింపేటప్పుడు వచ్చింది. ఒక్కో శబ్దానికి ఒక్కో బటను, వరుసగా. కొత్త ప్రోగ్రాం పెద్దది కావడంతో చోటు చాలక ఏదో ఒకటి తీసేయాలి. పెట్టెను మాకు అమ్మినాయన దాచుకున్న హెలికాప్టరు శబ్దం మూడో బటనులో ఒకటుంది, దాన్ని తీసేస్తానంది.

“ఊరికే వచ్చినదాన్ని పారేస్తావా?”

“పెండ్లిలో హెలికాప్టరెందుకవ్వా?”

“ఉంటే ఎప్పుడో పనికొస్తాది. సన్నాయిలు రెండున్నాయి గదా. ఒక పెండ్లికి రెండు సన్నాయిలా?”

“మొదటిది మెల్లగా వాయించేదానికి, రెండోది తాళి కట్టేటప్పుడు గట్టిగా.”

“ఒకదాన్నే మెల్లగానూ గట్టిగానూ వాయించు. మీ తాత ఒక్క గొంతుతోనే నన్ను పిలిచినాడు, తిట్టినాడు.”

నాతో పడలేక మొదటి సన్నాయిని తీసేసింది. వెనకవన్నీ ఒక్కో బటను ముందుకు జరిగాయి. (అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. మనవరాలు మాత్రం నవ్వుతుంది.)

మర్నాడు పొద్దున గిద్దలూరులో పంతులు గట్టిమేళం అన్నాడు. మనవరాలు అలవాటుకొద్దీ రెండో బటను నొక్కింది. పందిట్లో హెలికాప్టరు లేచింది. పెండ్లికొడుకు తాళి చేతిలో పట్టుకునే తల ఎత్తాడు. పెండ్లికూతురి మేనమామ, పైనుంచి పూలు చల్లిస్తున్నారేమోనని పందిరి బయటికి పోయాడు. మనవరాలు వెంటనే పక్క బటను మీదికి మారి సన్నాయి అందుకుంది, పెండ్లికూతురి మెడలో తాళి పడింది. పెండ్లికొడుకు నాయన వచ్చి బృందం పెద్దాయన చెయ్యి పట్టుకుని, “ముందు చెప్పకుండా భలే పెట్టించినావన్నా” అన్నాడు. పెద్దాయన అంతా తన ఏర్పాటే అన్నట్టు తలూపి, మనవరాలిని పొదిలికి కూడా రమ్మన్నాడు.

మనవరాలి వెంట పోయిన నేను ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చుని ఉన్నాను. ఆ శబ్దాన్ని పట్టుబట్టి ఉంచింది నేనే. అయినా అందరితో పాటు నేనూ మెడ ఎత్తి, పందిరి సందులోంచి ఆకాశం వైపు చూశాను.