గంగమ్మకు రూపాయి

పాతికేళ్ళ వయసులో, ఈతకొలనులో నాలుగు బారలు వేయగలిగితే చాలు, సముద్రం మన సొంతమే అనిపిస్తుంది. బెంగళూరు హూడిలో మా ఆఫీసువాళ్ళు కొందరు గోవా వెళ్ళి, నీళ్ళ అడుగున మునిగిపోయిన ఓడను చూసొచ్చి నెలరోజులు అదే చెప్పుకున్నారు. అప్పటినుంచి దాన్ని చూడందే నాకు అన్నం సయించలేదు (సాంబారు సయించకపోవడం వేరే సంగతి, బెంగళూరులో అందులో బెల్లం వేస్తారు). నా గదిలో ఉండే మామకు కూడా ఆ పిచ్చి అంటించాను. అతను ఎవరికి మామో ఎవరికీ తెలియదు. అతనిది హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు ఆ చివర స్థిరపడ్డ కుటుంబం. డైవింగ్‌లో మొదటిమెట్టు శిక్షణ ఇద్దరం కలిసే పూర్తిచేశాం.

ఇక పడవ కుదుర్చుకోవాలి. మొదట ఫోనెత్తినాయన తెలుగువాడు. "ఏం కాదన్నా, ఓడ లోపలికి కూడా తీసుకెళ్తా" అన్నాడు. నా మనసు కరిగిపోయింది. (మనవాడని తెలిశాక బండికి బ్రేకులున్నాయా అని అడగబుద్ధి కాదు మనకు.) రెండో పడవ ఒక మేడమ్‌ది. ఆవిడే మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఆఖరుసారి ఎప్పుడు మునిగారు, జలుబుందా, చెవులు బాగున్నాయా అని. పడవలో ఆక్సిజన్ ఉంటుంది, మీ ఇద్దరి వెంట నేనే ఉంటాను, కొత్తవాళ్ళు ఓడను బయటినుంచే చూడాలి అని కూడా చెప్పింది.

"ఏమప్పా, మనం పడవను చూస్తాండామా, పడవే మనల్ని చూస్తాందా? పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలా" అన్నాడు మామ.

"అయితే మనోడి పడవే ఎక్కుదాం."

"వద్దప్పా. అడిగేవాళ్ళకే మన పానం మీద అక్కర ఉండాది."

బస్సు తుమకూరు దాటేదాకా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను.

పడవలో మేడమ్ ఇంకొన్ని చెప్పింది (హిందీలోనే అనుకోండి): దేన్నీ ముట్టుకోకూడదు, ఏదీ తేకూడదు, ఏదీ వదలకూడదు, అడుగున బురద రేపకూడదు. బుద్ధిగా తలూపాను. కానీ ఫోనులో అమ్మ "గంగమ్మకు ఒక రూపాయి వేసి దండం పెట్టుకో నాయనా" అని చెప్పి ఉంది. రైలు కృష్ణ వంతెన ఎక్కితే చెయ్యి దానంతటదే జేబులోకి పోయే వంశం మాది. మేడమ్ ఎదుట వేయలేక, రూపాయిని డైవింగ్ సూటు చేతిమడతలో దాచుకుని దిగాను.

ఓడ కనిపించింది. తుప్పుపట్టిన కమ్మీ, దాని వెనకనుంచి తొంగిచూస్తున్న చేప. నాకు ఒళ్ళు పులకరించింది. రూపాయి వదిలి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకున్నాను. భక్తిలో శరీరం సంగతి మరిచిపోవడంతో తిన్నగా కిందికి దిగి మోకాళ్ళ మీద బురదలో కూలబడ్డాను. లేవబోయి కాళ్ళు తన్నేసరికి ఓడ లేదు, చేప లేదు, మామ లేడు. కనుచూపు మేరంతా పాలు ఎక్కువైన కాఫీ. మేడమ్ నా భుజం పట్టి పైకి తీసుకొచ్చింది.

"నీ మొక్కు తీరింది గానీ నా డబ్బులు బురదలో పోయె గదప్పా" అన్నాడు మామ. ఇక ఓడ దక్కదని నాకు ఏడుపొచ్చేసింది. మేడమ్ నా మొహం చూసి, "మధ్యాహ్నం ఇంకోసారి దిగుదాం. చేతులు కట్టుకుని రావాలి" అంది.

అలాగే దిగాను. బురద అణిగిపోయింది. ఆవిడ తిరునాళ్ళలో పిల్లవాడిని పట్టుకున్నట్టు నా వీపు మీది సిలిండరు పట్టుకుంది. నేను చేతులు కట్టుకుని, ఏమీ ఇవ్వకుండా, ఏమీ అడగకుండా ఓడను తనివితీరా చూశాను. దేవుడి ముందు కూడా అంత ఊరికే నిలబడింది లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు చెవి డాక్టరు నీళ్ళలో మునగడం మానెయ్యమన్నాడు. నీళ్ళలో చేతులు కట్టుకుని వేలాడిన ఆ పాతికేళ్ళ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడంటే కాస్త అసూయగా కూడా ఉంటుంది.