వంతెన కాడ ఒడిబియ్యం

నన్ను మంజీర నది అవతలి ఊరికి ఇచ్చిననాడు రెండు దిక్కులా ఒక్కటే రాష్ట్రం. ఎడపల్లిల మా తల్లిగారింటి కాడ పొద్దున బండి కడితే మాపటికి అత్తగారిల్లు. యాభై ఆరుల ఆ రాష్ట్రాన్ని ముక్కలు చేసిండ్రు. మా అత్తగారి ఊరు మరాఠోళ్ల దిక్కు పోయింది. కొన్నేండ్లకు వంతెన కాడ తనిఖీ నాకా పెట్టి, బియ్యం అవతలికి పోవద్దన్నరు. ఆ గీత గీసినోళ్ల ఇండ్లల్ల ఆడపిల్లలు లేరేమో!

ఆ ఏడు నన్ను కన్న అవ్వ నాకు ఒడి నింపింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు కొంగుల పోసి నడుముకు కట్టింది. అత్తగారింట్ల దేవుని ముందట తప్ప ఆ ముడి విప్పొద్దు. నాకా కాడ జవాను బండి ఆపిండు. మాక్లూరోడే, మన మాటే.

"ఒడిల ఏముందక్కా? విప్పు."

"నీ చెల్లె ఒడి గూడ గిట్లనే విప్పిస్తవా?"

"అందరు బియ్యానికి పసుపు రాసి దాటిస్తున్నరక్కా. ఎవరిని నమ్మాలె?"

విప్పిన. అడుగుదాక చెయ్యి పెట్టి కెలికిండు. ఇంటికి పోతే అత్త నేను మల్లా కట్టుకున్న ముడి దిక్కు చూసి, "దార్ల ఎవరికి పోసినవ్?" అన్నది.

మూడేండ్లకోసారి నింపే ఒడికి నేను మల్లా ఏడాదికే పోయిన. అవ్వ బియ్యం చాట పట్టుకొని నా మొఖంల మొఖం పెట్టి చూసింది.

"బిడ్డా, మమ్ముల చూడ వచ్చినవా, బియ్యానికి వచ్చినవా?"

నాకు ఒళ్లు మండింది. జవానును అడిగినట్టే అవ్వను గూడ అడుగుదామనుకున్న. కాని అవతల నా పిల్లలు జొన్నరొట్టె తప్ప బువ్వ మొఖం చూసి నెలలాయె.

కొంగు పట్టిన.