అడవి టర్కీని వెతికిన రోజు

నా చిన్నప్పుడు మేము జర్మనీలో, ఎష్‌బోర్న్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. కింద ఇంటి ఓనరు, మేము తాత అని పిలిచే జర్మన్ ముసలాయన, పైన మేము. ఊరికి ఎగువనున్న అడవిలో వేట హక్కు ఆ తాతదే, ఇంకెవరూ అక్కడ వేటాడకూడదు. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలిన అడవి టర్కీ కోళ్లు అక్కడ కొన్ని తిరుగుతుండేవి.

మా బాబాయి ఆ దేశంలోనే, కాట్‌బస్‌లో ఎమ్మెస్ చదివేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఇక్కడి కోడికూరకు నీచు తప్ప రుచి లేదని గొణిగేవాడు. ఒకసారి, ఆకులు రాలే రోజుల్లో, అడవి టర్కీని కొడదామని ఎయిర్‌గన్ కొనుక్కొచ్చాడు. ఒక్క దెబ్బకు గుప్పెడు సీసపు గుళ్లు చిమ్మే రకం. "గాలితోని పేలేదే గదా, దీనికి లైసెన్స్ గిట్ల ఏం అక్కర్లేదు" అన్నాడు. కొనడానికి అక్కర్లేనిది కొట్టడానికి మాత్రం ఎందుకనుకున్నాడు పాపం. నేనూ ఎగిరి గంతేసి వెంటపడ్డాను.

శనివారం పొద్దున, మేత ఏరుకుంటున్న కోడిని ముందు చూసింది నేనే. వేలు పెట్టి చూపించిందీ నేనే. బాబాయి పేల్చాడు. ఆ తుపాకికి చంపేంత బలం లేదు. కోడి ఒక పల్టీ కొట్టి లేచి, రెక్క ఈడ్చుకుంటూ ముళ్లపొదల్లోకి పోయింది. అంత పెద్ద పక్షి అరవనైనా అరవలేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

ఎవరో వస్తున్న అలికిడి కాగానే బాబాయి నన్ను బయటికి లాక్కొచ్చాడు. "డాడీకి జెప్పకే బిడ్డా. తాతకు తెలిస్తే నా వీసా పోతది" అన్నాడు.

మధ్యాహ్నం అమ్మ పప్పన్నం కలిపి పెడితే ముద్ద దిగలేదు. చెబితే బాబాయి ఇండియాకు వెళ్లిపోవాల్సి వస్తుంది. చెప్పకపోతే ఆ కోడి పొదలో ప్రాణం పోక, లేవలేక పడి ఉంటుంది. పదేళ్ల దాన్ని, ఏది పెద్ద తప్పో తేల్చుకోలేక ఏడ్చాను. చివరికి మెట్లు దిగి తాత తలుపు కొట్టాను.

తాత కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అంతా విని, బూట్లు తొడుక్కుని, కుక్కనూ తన తుపాకినీ తీసుకుని బాబాయిని పిలిచాడు. దారిలో జర్మన్‌లో ఒక్క మాటే అన్నాడు. బాబాయికి ఆ భాష అంతగా రాదు, తెలుగులో చెప్పాల్సింది నేనే: "కొట్టినవాళ్లే వెతకాలట, బాబాయ్."

మూడు గంటలు వెతికాం. బాబాయి ముళ్లలో మోకాళ్ల మీద పాకాడు. కుక్క కనిపెట్టేసరికి కోడి ఇంకా బతికే ఉంది. తాత దాని బాధ తీర్చాడు. ఓక్ రెమ్మ విరిచి దాని ముక్కున పెట్టి, టోపీ తీసి నిలబడ్డాడు. అది చివరి ముద్దట, అక్కడి వేటగాళ్ల ఆచారం. మా నానమ్మ పోయేటప్పుడు నోట్లో తులసి తీర్థం పోసింది బాబాయే. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

సోమవారం తాతే అతణ్ణి పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఏమీ దాచనివ్వలేదు, పక్కనుంచి కదలనూ లేదు. ఎయిర్‌గన్ పోలీసులు తీసేసుకున్నారు, కేసు నడిచింది, నెలల తరబడి మా ఇంట్లో ఎవరమూ గట్టిగా నవ్వలేదు. వీసా నిలిచింది. బాబాయి మాత్రం ఏడాదిపాటు నాతో సరిగా మాట్లాడలేదు. చెప్పినందుకు నేను పశ్చాత్తాపపడలేదు గానీ, ఆ ఏడాది చాలా కష్టంగా గడిచింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతున్నాయి. నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. నా మాట తగిలి ఎవరైనా చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకుంటే, వాళ్లే సర్దుకుంటారులే అని ఊరుకోలేను. వెతుక్కుంటూ వెళ్తాను. ఒక్కోసారి ఆలస్యమైపోతుంది, తలుపు తీయరు. అయినా బయటే కూర్చుంటాను.